రంజన్ కింద ఫిజిక్స్

మొన్న ఆదివారం కాజీపేట దగ్గర రోడ్డు పక్కన రంజన్, అదే మంచినీళ్ళ మట్టికుండ, కొన్నాను. వేలి కణుపులతో కొడితే ఖంగుమంది, 350 రూపాయలు ఇచ్చేశాను. "కింద ఇసుక పోసి పెట్టుండ్రి సారూ" అంది అమ్మిన అవ్వ. నల్లరాతి గట్టు మీద ఎర్రటి రంజన్ ఎంత అందంగా ఉంటుంది, మధ్యలో ఇసుకెందుకు? సింకు పక్కన పెట్టాను. మంగళవారానికి సింకు కింది అల్మారా నిండా నీళ్ళు.

అపార్ట్‌మెంటు సెక్రటరీకి చెప్పడం నా రెండో తప్పు. లిఫ్టు ఆగిపోతే పదిహేను రోజులు ఫోనెత్తని మనిషి, మా ఇంట్లో లీకేజీ అనగానే పది నిమిషాల్లో ప్లంబర్‌ని వెంటేసుకుని దిగాడు.

ప్లంబర్ నడుము దాకా అల్మారాలో దూరాడు, కాళ్ళు మాత్రమే బయట. సెక్రటరీ గోడకు చెవి ఆనించి, డాక్టరు ఛాతీ చూసినట్టు కళ్ళు మూసుకున్నాడు. కింది ఫ్లాటావిడ వచ్చి "మా సీలింగు తడుస్తదా అన్నా?" అని నిలబడింది. హనుమకొండ మే నెల ఎండ కదా, అందరికీ రంజన్ నీళ్ళు నేనే ముంచి ఇచ్చాను. ప్లంబర్ బయటికొచ్చి మూడు గ్లాసులు తాగాడు.

"మస్తు సల్లగున్నయి సార్. ఫ్రిజ్ పెట్టకుండ ఎట్లయితయి?"

అడగాలా ఆ మాట? ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి. మట్టిలో కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటాయనీ, నీళ్ళు వాటిగుండా ఊరి బయటికొచ్చి ఆవిరవుతాయనీ, ఒక్క గ్రాము ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలనీ, ఆ వేడి ఎక్కువగా లోపలి నీళ్ళే ఇచ్చుకుంటాయనీ చెప్పాను. 540 కదా అంది లోపలి గదిలోంచి మా అమ్మాయి. అది మరిగే నీళ్ళకమ్మా అని దిద్దాను. గాలిలో తేమ ఎక్కువైతే నీళ్ళు త్వరగా ఆవిరి కావనీ, అందుకే ఉక్కపోత రోజు రంజన్ నీళ్ళు అంతగా చల్లబడవనీ కూడా చేర్చాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. మెచ్చుకోలనుకున్నాను.

ప్లంబర్ తల గోక్కున్నాడు. "మరి బయటికొచ్చిన నీళ్ళన్ని గాలిలకే పోతయా సార్?"

"అన్నీ పోవు. కొత్త కుండైతే కొంత కిందికి కారి..."

అక్కడ ఆగాను. నాలుగు తలలు ఒకేసారి రంజన్ వైపు తిరిగాయి. దాని అడుగు నుంచి ఒక సన్నటి ధార గట్టు అంచు దాకా వెళ్ళి, తాపీగా, చుక్క చుక్కగా అల్మారాలోకి దిగుతోంది.

అప్పటికే మార్చేసిన పైపుకి 800. సెక్రటరీ సాయంత్రానికల్లా గ్రూపులో పెట్టాడు: "లీకేజీకి కారణం కుండ. ఓనరు ఫిజిక్స్ లెక్చరర్." దానికి 31 నవ్వు బొమ్మలు. లిఫ్టు గురించి నేను పెట్టిన మెసేజికి ఇంతవరకూ ఒక్కటీ లేదు.

ఇప్పుడు తట్టెడు ఇసుక కావాలి. ఉన్నది కింద సెల్లార్‌లోనే. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని సెక్రటరీ కూర్చున్నాడు, చేతిలో ఫోనుతో.