ఊపిరి ఆగినచోటల్లా కామా పెడతారా?

'ఇంగ్లీష్ కామా: ఐదు గోల్డెన్ రూల్స్' అనే మెసేజ్ డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, కాలనీ గ్రూపులోనూ వచ్చింది. నిన్న మిర్యాలగూడ నుంచి మా బామ్మర్ది "బావా, పిల్లలకు పనికొస్తది చూడు" అని విడిగా మళ్లీ పంపాడు. పనికిరాదు బామ్మర్దీ. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర కూర్చొని రోజూ జనాల అప్లికేషన్లు టైప్ చేసేవాణ్ణి. ఈ రూల్స్ చేసే నష్టం ముందుగా కనపడేది నాకే.

'డియర్ సర్' తర్వాత కామా లేకపోతే అప్లికేషన్ రిజెక్టట. ఏ ఆఫీసులో? క్లర్కు చూసేది ఆధార్ జిరాక్స్ ఉందా, సంతకం పెట్టారా అని. పైన కామా పెడితే కింద 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' తర్వాత కూడా పెట్టండి, లేదంటే రెండుచోట్లా వదిలేయండి. అంతే.

'బట్' తర్వాత కామా కంపల్సరీ అన్నది ఇంకో రూలు. ఇది తిరగబడింది. రెండు పూర్తి వాక్యాలను 'బట్' కలుపుతుంటే కామా దానికి ముందు వస్తుంది.

'అండ్', 'ఆర్' ముందు కామా ఎప్పటికీ పెట్టొద్దు అంటున్నారు. ఈ 'ఎప్పటికీ' ఎంత ఖరీదైనదో అమెరికాలో మెయిన్ (Maine) అనే రాష్ట్రంలోని ఒక డెయిరీ కంపెనీని అడగాలి. ఏయే పనులకు ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదో అక్కడి చట్టంలో ఒక జాబితా ఉండేది. దాని చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని ఉంది, 'ఆర్' ముందు కామా లేదు. జాబితాలో డిస్ట్రిబ్యూషన్ వేరే పని, కాబట్టి ఆ పని చేసే డ్రైవర్లకు ఓవర్‌టైమ్ లేదంది కంపెనీ. కామా లేదు కదా, అక్కడున్నది ప్యాకింగ్ ఒక్కటే, మేం ప్యాకింగ్ చెయ్యం అన్నారు డ్రైవర్లు. 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపే మొగ్గింది. 2018లో కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది. తర్వాత ఆ జాబితాలో కామాలు తీసేసి సెమీకోలన్లు పెట్టుకున్నారు. జాబితా చివర ఆ కామాను పత్రికలవాళ్లు చాలామంది పెట్టరు, ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ పెడుతుంది. రెండూ నడుస్తాయి. నడవనిది 'ఎప్పటికీ పెట్టొద్దు' అన్న మాటే.

ఇక అసలు సంగతి. 'చదువుతుంటే ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కామా పెట్టండి' అని ఒకటో రూలు. మొన్న ఒకబ్బాయి రాసుకొచ్చిన కాగితంలో మొదటి లైను ఇది: 'ది పీపుల్ ఆఫ్ అవర్ విలేజ్, ఆర్ సఫరింగ్ ఫ్రమ్ ఫ్లోరైడ్ వాటర్.' విలేజ్ తర్వాత కామా ఎందుకమ్మా అంటే "అక్కడ ఆగుతాం కదన్నా" అన్నాడు. నిజమే, మనం ఆగుతాం. 'మా ఊరి జనం' అని ఒక్క క్షణం ఆగి, 'ఫ్లోరైడ్ నీళ్లతో గోసపడుతున్నారు' అంటాం. మన మాట నడకే అది. ఇంగ్లీషులో మాత్రం కర్తకూ క్రియకూ మధ్య ఒంటరి కామా పెట్టడం తప్పు, ఎంత ఆయాసం వచ్చినా సరే. 'బోరు ఎండిపోయింది, నీళ్లు లేవు' అని తెలుగులో హాయిగా రాస్తాం. దాన్నే 'ద బోర్ ఈజ్ డ్రై, వి హావ్ నో వాటర్' అని రాస్తే మార్కు పోతుంది. అక్కడ ఫుల్‌స్టాప్ అన్నా ఉండాలి, కామా తర్వాత 'సో' అన్నా ఉండాలి. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ క్వాలిఫై కావాల్సిన పేపరు. అందులో పంక్చుయేషన్ తప్పులు పట్టమంటారు, ఊపిరి పట్టమనరు.

అర్థమే మారిపోయే చోట్లున్నాయి. 'ద టీచర్స్ హూ కేమ్ లేట్ గాట్ మెమోస్' అంటే ఆలస్యంగా వచ్చినవాళ్లకే మెమోలు. 'టీచర్స్' తర్వాత ఒకటి, 'లేట్' తర్వాత ఒకటి కామా పెట్టండి: ఇప్పుడు అక్కడున్న టీచర్లందరూ లేటే, మెమోలూ అందరికీ. దమ్మున్నవాళ్లు రెండోదాన్ని ఎక్కడా ఆగకుండా చదివేస్తారు. అంతమాత్రాన మెమోలు వెనక్కి వస్తాయా? ఆస్తమా ఉన్నాయన పేరాలో కామాలు ఎక్కువ, రోజూ ప్రాణాయామం చేసేవాడి పేరాలో తక్కువ ఉండాలా? ఈ రూలు ఫార్వర్డ్ చేసేవాళ్లలో టీచర్లూ ఉన్నారు, అందుకే ఇంత మంట.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఈ ఊపిరి లెక్క పుట్టించింది వాట్సాప్ కాదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయంలో ఉన్న బైజాంటియం అరిస్టోఫనీస్ అనే పండితుడు, పైకి చదివేవాళ్లు ఎక్కడ ఎంత ఆగాలో తెలియడానికి గ్రీకు రాతల్లో చుక్కలు పెట్టాడు. కామా వంశం అక్కడ మొదలైంది. ఈ మెసేజ్ రాసినాయన అప్పట్లో పుట్టి ఉంటే ఆయన మాటే కరెక్టు. ఇప్పటికీ 'వెన్ ద రెయిన్ స్టాప్డ్, వి లెఫ్ట్' లాంటి వాక్యాల్లో ఊపిరీ రూలూ ఒకేచోట కలుస్తాయి. అలా కలిసిన నాలుగు చోట్లు చూసి మిగతా అన్నిచోట్లకూ అంటగట్టారు.

మిగిలింది ఐదోది: ఇంగ్లీషులో 1,00,000 అని రాయడం తప్పట, 100,000 అనే రాయాలట. అమెరికాలో ఉన్న మేనల్లుడికి రాసేటప్పుడు అలాగే రాయండి. ఇక్కడ బ్యాంకు చెక్కు మీద లక్ష అంటే 1,00,000. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ రోజు ఆ కామా ఎక్కడుందని ఏ రైతూ కొట్లాడలేదు.