రెండో కిక్కర్‌కు చోటెక్కడ?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మొదలైతే చాలు, డాలస్ చుట్టుపక్కల ఉండే మన వాళ్ల ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. 53 మంది ఉన్న జట్టులో కిక్‌ఆఫ్‌లూ, ఫీల్డ్ గోల్స్ (గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్ని పాయింట్లు తేవడం) రెండూ చూసుకునే కిక్కర్ ఒక్కడే ఎందుకు? కిక్‌ఆఫ్ (ఆట మొదట్లోనూ, పాయింట్లు వచ్చాకా బంతిని ప్రత్యర్థి వైపు తన్నడం) కోసం బలమైన కాలున్న మరొకణ్ణి పెట్టుకుంటే ప్రతిసారీ టచ్‌బ్యాక్ (బంతి మైదానం చివరి ఎండ్ జోన్‌లో ఆగి, ప్రత్యర్థి ఎదురు పరుగు లేకుండా నిర్ణీత గీత దగ్గర మొదలుపెట్టడం) ఖాయం, అసలు కిక్కర్ కాలికి విశ్రాంతి, ఎవరికైనా గాయమైతే వెంటనే మరొకడు సిద్ధం, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఇదీ దాని సారం. చివర్లో, క్రికెట్‌లో ఆఖరి ఓవర్లకు వేరే బౌలర్ ఉన్నట్టే ఇదీ అని ఒక ఉపమానం. వినడానికి సబబుగానే ఉంటుంది. నేనూ ఒక సీజన్ పాటు తల ఊపాను.

ముందు ఆ 53 సంగతి. అది జాబితాలో ఉండే సంఖ్య. ఆట రోజు మైదానంలోకి దిగే అర్హత 48 మందికే, అదీ వారిలో ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్‌మెన్ (దాడి వేళ ముందు వరుసలో అడ్డు నిలిచేవాళ్లు) ఉంటేనే. లేకపోతే 47. కిక్కర్, బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి అప్పగించే పంటర్, తన్నడానికి బంతిని వెనక్కి విసిరే లాంగ్ స్నాపర్ అప్పటికే మూడు చోట్లు తీసుకుని ఉంటారు. నాలుగోవాడు వస్తే బయట కూర్చునేది ఎవరు? కిక్‌ఆఫ్ వెంట పరుగెత్తి, బంతి పట్టుకుని ఎదురు పరుగెత్తే రిటర్నర్‌ను పడగొట్టే కుర్రాడు. పంట్‌లప్పుడు అడ్డు నిలిచేదీ, ప్రత్యర్థి పాస్‌లను అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌కు కాలు మెలిక పడితే ఆ చోట నిలబడేదీ అతనే. అతణ్ణి తీసేసి, ఆటకు సగటున అయిదు సార్లు బంతిని తన్నేవాణ్ణి తెచ్చుకోవాలట. ఆఖరి ఓవర్ల బౌలర్ మిగతా సమయంలో ఫీల్డింగ్ చేస్తాడు, అవసరమైతే బ్యాటు పట్టుకుంటాడు. ఉపమానం అక్కడే చతికిలపడింది. ఖర్చు తక్కువే, నిజం. కానీ ఇక్కడ కరువు డబ్బుకు కాదు, చోటుకు.

ఇక టచ్‌బ్యాక్. ఈ వాదనకు ప్రాణం ఇదే, కానీ ఆ ప్రాణం నిబంధనలు మారినప్పుడే పోయింది. 1994 నుంచి 2010 వరకు కిక్‌ఆఫ్ తమ వైపు 30 గజాల గీత నుంచి తన్నేవారు. బంతిని ఎండ్ జోన్ దాకా పంపడం అందరివల్లా అయ్యేది కాదు. పంపగలిగితే ప్రత్యర్థి తన 20వ గజం దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజుల్లో కరోలినా పాంథర్స్ నలభైకి చేరువైన జాన్ కేసీని ఫీల్డ్ గోల్స్‌కు ఉంచి, కిక్‌ఆఫ్‌లకు ఇంగ్లండ్‌లో పుట్టిన రీస్ లాయిడ్‌ను పెట్టుకుందంటే తప్పు పట్టను. 2011లో కిక్‌ఆఫ్ గీతను 35కు జరిపారు. ఆ తర్వాత టచ్‌బ్యాక్ ఎంత చవకైందంటే, 2024 ఫిబ్రవరిలో జరిగిన లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో 13 కిక్‌ఆఫ్‌లు జరిగితే పదమూడూ టచ్‌బ్యాక్‌లే. అందరూ చేస్తున్న పనికి ప్రత్యేక నిపుణుడెందుకు?

అదే ఏడాది వచ్చిన కొత్త నిబంధనతో లెక్క పూర్తిగా తిరగబడింది. బంతి గోల్ గీతకూ 20వ గజానికీ మధ్య పడితే రిటర్న్ చేయాల్సిందే. నేరుగా ఎండ్ జోన్‌లో పడి టచ్‌బ్యాక్ అయితే ప్రత్యర్థికి 2024లో 30వ గజం, 2025 నుంచి 35వ గజం. అక్కడి నుంచి రెండు మూడు పాస్‌లతో పాతిక గజాలు దాటితే దాదాపు 60 గజాల ఫీల్డ్ గోల్‌కు గురిపెట్టవచ్చు. అంటే ఒకప్పుడు బహుమతి తెచ్చిన బలమే ఇప్పుడు జరిమానా తెస్తోంది. నేడు కావలసింది బంతిని గోల్ గీత ముందు, ఒక మూలకు, పట్టుకోవడానికి ఇబ్బందిగా గెంతేలా పడేయడం. కొత్త పద్ధతిలో కిక్‌ఆఫ్ విలువ పెరిగింది కాబట్టే నిపుణుడు కావాలని కొందరంటారు. విలువ పెరిగిన మాట నిజమే. కానీ ఆ గురి సాధన చేయడానికి ఫీల్డ్ గోల్స్ తన్నేవాడికేం అడ్డు? గురే కదా అతని వృత్తి.

కాలి అలసట గురించి ఎక్కువ చెప్పను. అంత భయం ఉంటే పంటర్ ఉన్నాడు. కోల్ట్స్ జట్టులో కిక్కర్ వినాటియెరీ ఫీల్డ్ గోల్స్ తన్నుతుంటే కిక్‌ఆఫ్‌లు పంటర్ పాట్ మెకఫీ తన్నేవాడు. అదనంగా ఒక్క చోటూ పోలేదు.

గాయం మాట మాత్రం కొట్టిపారేయలేను. 2022 తొలి ఆటలో అరిజోనాలో చీఫ్స్ కిక్కర్ బట్కర్ చీలమండ దెబ్బతింటే, సేఫ్టీగా ఆడే రక్షణ ఆటగాడు జస్టిన్ రీడ్ కిక్‌ఆఫ్‌లు తన్నాడు, టచ్‌డౌన్ తర్వాత తన్నే ఎక్స్‌ట్రా పాయింట్ కూడా ఒకటి సాధించాడు. బట్కర్ తర్వాత తిరిగొచ్చి 54 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు, చీఫ్స్ 44-21తో గెలిచింది. ఆట మధ్యలో అలాంటిది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. వారం ముందే తెలిసిన గాయానికైతే 53 మందికి బయట 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్ ఉంది. అందులోంచి ఆటకు ఇద్దరిని పైకి తెచ్చుకోవచ్చు. ఆ రెండో కిక్కర్‌ను అక్కడ ఉంచుకోండి, ఎవరు వద్దన్నారు?

అన్నింటికన్నా వింత ఏమిటంటే, ఈ ప్రయోగం చేసి చూసింది మన ఊరి జట్టే. 2009లో డాలస్ కౌబాయ్స్, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ అయిదో రౌండ్‌లో డేవిడ్ బ్యూలర్‌ను కేవలం కిక్‌ఆఫ్‌ల కోసం తీసుకుంది. అతను 29 టచ్‌బ్యాక్‌లతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. అదే ఏడాది ఫీల్డ్ గోల్స్ బాధ్యత ఉన్న నిక్ ఫోక్ తడబడుతూ వచ్చాడు. డిసెంబర్‌లో సెయింట్స్ జట్టు మీద 24 గజాల దగ్గరి ఫీల్డ్ గోల్ కూడా తప్పాడు. జట్టు అతణ్ణి తీసేసి బయటి నుంచి షాన్ స్విషమ్‌ను తెచ్చింది. పక్కనే రెండో కిక్కర్ ఉన్నా, అసలు అవసరానికి పనికిరాలేదన్నమాట. మరుసటి ఏడాది రెండు పనులూ బ్యూలర్‌కే అప్పగించారు. 32లో 24 ఫీల్డ్ గోల్స్. క్రిస్మస్ రోజున ఒక ఎక్స్‌ట్రా పాయింట్ తప్పాడు, ఆ ఆట 27-26తో అరిజోనాకు పోయింది.

ఇప్పుడు అదే జట్టు కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ. మన వాళ్లకు అభిమానం కలగడానికి కారణం వేరే చెప్పాలా, కిక్కర్ కాకముందు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2023లో లీగ్‌లోకి వస్తూనే వరుసగా 35 ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 2024 సెప్టెంబర్‌లో రేవెన్స్ మీద 65 గజాలది కొట్టాడు. కిక్‌ఆఫ్‌లు కూడా అతనే తన్నుతాడు.