లోపం మేస్త్రీ చేతిలో లేదు, గుత్త లెక్కలో ఉంది

నిర్మాణంలో లోపం బయటపడిన ప్రతిసారీ నింద ముందుగా పడేది మేస్త్రీ మీదే. పనివాళ్లకు శ్రద్ధ లేదని, పర్యవేక్షణ పెంచాలని సమీక్షా సమావేశాల్లో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. పనివాడి పనితీరును అతని స్వభావం కన్నా అతనికి కూలి లెక్కకట్టే పద్ధతే ఎక్కువగా నిర్ణయిస్తుందని ఒప్పుకోనంత కాలం, ఆ మాటల వల్ల ఒక్క పిల్లరు కూడా గట్టిపడదు.

కాంక్రీటు పోసే చోట ఒక పూట నిలబడితే ఈ సంగతి అర్థమవుతుంది. మిశ్రమం బిగుసుకుంటోందనగానే అందులో ఒక బకెట్టు నీళ్లు పడతాయి, పని సులువవుతుంది. సిమెంటుతో పోల్చి నీటి పాలు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం తగ్గుతుందని డఫ్ అబ్రామ్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1918లోనే చూపించాడు. ఆయన పేరు వినకపోయినా అనుభవమున్న మేస్త్రీకి ఈ విషయం తెలుసు. కాంక్రీటును అదిరించి కూరే వైబ్రేటర్ సూదిని గాలి బుడగలు ఆగేదాకా ఉంచి నిదానంగా పైకి తీయాలని కూడా తెలుసు. కానీ ఎన్ని ఘనపు మీటర్లు పోశాడన్నదాన్ని బట్టే డబ్బులు వచ్చేటప్పుడు, ఆ నిదానానికయ్యే ఖర్చు అతని కూలిలోంచే పోతుంది. పలకలు విప్పాక పిల్లరు అడుగున తేనెపట్టులా గుల్లలు కనిపిస్తే, ఇంజనీరు వచ్చేలోపు వాటి మీద సిమెంటు పూత పడిపోతుంది.

తనిఖీలు పెంచితే చాలదా అని అడిగేవారున్నారు. తనిఖీ అవసరమే, పరీక్షలు లేని నిర్మాణాన్ని ఎవరూ సమర్థించరు. అయితే క్యూబు పరీక్ష, అంటే చిన్న ఘనాకారపు నమూనాను నలగ్గొట్టి చూసే పరీక్ష, అచ్చులో జాగ్రత్తగా కూరి, నీటిలో నానబెట్టిన కాంక్రీటు బలాన్ని చెబుతుంది తప్ప, పిల్లరులో ఆ కాంక్రీటును ఎలా కూరారో చెప్పదు. పైగా 28 రోజుల తర్వాత వచ్చే ఆ ఫలితం చేతికందేసరికి పై అంతస్తు పని మొదలై ఉంటుంది. నాణ్యత కోసం తనిఖీ మీద ఆధారపడటం మానాలని అమెరికన్ నాణ్యతా నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన 14 సూత్రాలలో మూడోదిగా చెప్పాడు. పనివాళ్లకు నినాదాలు వినిపించడం, సంఖ్యల కోటాలు విధించడం కూడా మానాలని అదే జాబితాలో ఉంది. నిర్మాణ రంగం ఆయన్ని శిక్షణ తరగతుల్లో స్మరించి, బిల్లుల దగ్గర మరిచిపోయింది.

అసలు వ్యాధి ఇంకా లోతున ఉంది. ప్రధాన గుత్తేదారు నుంచి ఉపగుత్తేదారుకు, అక్కడి నుంచి ముఠా మేస్త్రీకి పని చేతులు మారేకొద్దీ రేటు కరిగిపోతుంది, బాధ్యత మాత్రం కిందికి జారుతుంది. మూడు నెలల తర్వాత ఈ సైటులో ఉంటాడో లేదో తెలియని మనిషికి నైపుణ్యం నేర్పడానికి ఎవరూ పైసా ఖర్చు పెట్టరు. చేతిపనిని సులభంగా మార్చుకోగల సరుకుగా చూసే ఈ ధోరణి నిర్మాణ రంగానికే పరిమితమైనది కాదు, కానీ దాని ఫలితం మనుషుల నెత్తి మీద కూలేది మాత్రం ఇక్కడే.

కాబట్టి మార్పు ఒప్పంద పత్రంతో మొదలవ్వాలి. కాంక్రీటు కూరడానికి, పోశాక దాన్ని తడిగా ఉంచేలా నీళ్లు పట్టడానికి ఘనపరిమాణంతో సంబంధం లేకుండా విడిగా రోజుకూలి కట్టాలి. ఊచలను పలకలకు తగలకుండా దూరంగా ఉంచే కవరింగ్ బ్లాకులు సరిగా లేవని గమనించిన కూలీ పోతను ఆపిస్తే, ఆగిన సమయానికీ మొత్తం ముఠాకు కూలి చెల్లిస్తామని అందులోనే రాయాలి.