చిక్కుడు తీగ మీద గ్రాహం, చీకట్లో మేము

అనగనగా డేవెంట్రీ అనే రాజ్యం, దానికి ఎడ్వర్డ్ అనే ముసలి రాజు. పిల్లల్లేరు, ఖజానాలో చిల్లిగవ్వ లేదు. ముందు జరగబోయేది చూపించే అద్దం, ఒంటి మీద దెబ్బ పడనివ్వని డాలు, ఎంత తీసినా తరగని బంగారు పెట్టె, మూడూ పోగొట్టుకున్నాడు. అవి వెతికి తెస్తే రాజ్యం నీదేనని గ్రాహం అనే కుర్ర వీరుడికి మాటిచ్చాడు. ఆ కుర్రాణ్ణి నడిపించే మౌసు మా ఆయన చేతిలో పడింది.

ఈ కంప్యూటర్ ఆట పేరు కింగ్స్ క్వెస్ట్. 1984లో అమెరికాలో సియెర్రా ఆన్‌లైన్ వాళ్లు ఐబీఎం పీసీ జూనియర్ అనే ఇంటి కంప్యూటర్ కోసం చేశారు. రాసింది రాబర్టా విలియమ్స్ అనే ఆవిడ. అప్పట్లో కంపెనీ ఆవిడదీ, వాళ్లాయన కెన్‌దీను. "ఆవిడ తన మొదటి ఆటని వంటింటి బల్ల దగ్గర కూర్చునే అల్లిందిట తెలుసా?" అని మా ఆయన నాకు చెప్పని వారం లేదు. మా వంటింట్లో బల్ల లేదు. ఉన్న గట్టు మీద గ్రైండరూ, అత్తయ్య ఆవకాయ జాడీలూ ఉన్నాయి. అప్పుడు అంట్లు ఎవరు తోమేవారని అడిగితే, ఆ వివరం ఎక్కడా దొరకలేదన్నారు.

అసలు ఆటలో మౌసుతో పనే లేదు. బాణం మీటలతో గ్రాహాన్ని నడిపిస్తూ, చెయ్యాల్సింది ఇంగ్లీషులో టైపు చెయ్యాలి. మా ఆయన కుర్రతనంలో విజయవాడలో కంప్యూటర్ కోర్సు చేస్తూ, సారు భోజనానికి వెళ్లిన గంటలో ఫ్లాపీ పెట్టి ఆడేవారట. టైపు లోయరు ఫస్టు క్లాసులో పాసైన వేళ్లు మరి, ‘గెట్ క్యారెట్’ అని రెప్పపాటులో కొట్టేసేవారట. ఆ కోర్సు సర్టిఫికెట్టుతో ఏ ఉద్యోగమూ రాలేదు గానీ డేవెంట్రీలో క్యారెట్లు ఏ మూల పండుతాయో ఇప్పటికీ కంఠతా వచ్చు.

1990లో సియెర్రా వాళ్లే బొమ్మలకు మెరుగులు దిద్ది మళ్లీ తెచ్చారు. టైపు బాధ మాత్రం అలాగే ఉంచారు. దాన్ని తీర్చింది అభిమానులు. టియెర్రా అని పేరు పెట్టుకుని, అడ్వెంచర్ గేమ్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ సాయంతో ఆట మొత్తాన్ని 256 రంగుల్లో తిరగ గీసి, మౌసుతో నొక్కితే పనైపోయేలా చేసి, 2001లో ఉచితంగా పంచిపెట్టారు. ఇదే వరసలో ఐదో ఆటలో గ్రాహానికి గొంతిచ్చిన జాష్ మాండెల్ చేతే ఇక్కడా మాట్లాడించారు. తర్వాత ఏజీడీ ఇంటరాక్టివ్ అయ్యారు. ఏజీడీ అంటే ‘అనానిమస్ గేమ్ డెవలపర్స్’ అట. ఇంత చాకిరీ చేసి పేరు చెప్పుకోని మనుషులు ఉంటారంటే మా వీధి వినాయక చవితి కమిటీ వాళ్లు నమ్మరు.

వాళ్లది మంచి మనసే. కానీ వాళ్ల పుణ్యమా అని మా ఇంటికి వచ్చిన తంటా ఒకటుంది. టైపు చేసే ఆటైతే ఆయనొక్కరే ఒక మూల కూర్చుని ఆడుకునేవారు. మౌసు ఆట కావడంతో వెనక నిలబడ్డ ప్రతివాళ్లూ నిపుణులే. "అదుగో, అక్కడ నొక్కు" అనడానికి లోయరు పాసవ్వక్కర్లేదు కదా.

ఆదివారం అన్నాలయ్యాక సభ మొదలైంది. కుర్చీలో మా ఆయన. ఆయన భుజం మీద గడ్డం ఆనించి మా బబ్లూ. వెనక ప్లాస్టిక్ కుర్చీలో చిక్కుడుకాయల చేటతో అత్తయ్య. ఈనె తియ్యడానికి అత్తయ్యకు కళ్లక్కర్లేదు, అవి రెండూ స్క్రీన్ మీదే.

కోట ముందే కందకం, అందులో మొసళ్లు. గ్రాహం ఒక్క అడుగు పక్కకు వేశాడు, బుడుంగున మునిగాడు. మళ్లీ మొదలెట్టాలా, దాచిన చోటి నుంచి సాగించాలా, మానేయాలా అని అడుగుతూ డబ్బా వచ్చింది.

"రాజుగారు ఇంటి ముందు రెయిలింగైనా వేయించుకోలేదట్రా?" అంది అత్తయ్య.

"డబ్బుల్లేవమ్మా. ఖజానా ఖాళీ."

"మొసళ్ల మేతకు మాత్రం ఉన్నాయేం?"

మేక దగ్గర ఇంకో పేచీ. క్యారెట్ చూపిస్తే మేక వెంట వస్తుంది. దాన్ని వంతెన దాకా నడిపించుకెళ్తే, దారికి అడ్డంగా నిలబడ్డ భూతాన్ని ఒక్క కుమ్ము కుమ్మి కిందికి తోసేస్తుంది. తెలివైన ఏర్పాటే. అత్తయ్యకు మాత్రం మనసొప్పలేదు. "నోరులేని జీవానికి తిండి ఆశ చూపించి రౌడీ పనులు చేయిస్తార్రా? ముందు ఆ క్యారెట్ దాని నోట్లో పెట్టు" అని పట్టు. మా ఆయన వినలేదు. భూతం పోయాక కూడా చాలాసేపు అత్తయ్య చేటలో చిక్కుడుకాయలు కాస్త గట్టిగానే విరిగాయి.

నూతిలోకి దిగి, నీళ్లలో మునిగి, అవతల తేలితే గుహలో డ్రాగన్. అద్దానికి అదే కాపలా. మా ఆయన నాటకీయంగా మౌసు వదిలేసి, "ఇప్పుడు చెప్పండి, దీన్నేం చెయ్యాలి?" అన్నారు. ఏళ్లనాటి రహస్యం విప్పబోయే ముఖం అది.

"నిప్పు కక్కుతోందిగా, నీళ్లు పొయ్యి" అంది అత్తయ్య చేటలోంచి తలెత్తకుండానే.

అక్షరాలా అదే జవాబు. బాకు విసిరి చంపినా అద్దం దక్కుతుంది గానీ, బకెట్ నీళ్లు పోసి చల్లార్చితేనే మార్కులెక్కువ. ఈ కిటుకు తట్టడానికి కుర్రతనంలో తనకెన్నాళ్లు పట్టిందో మా ఆయన ఆరోజు చెప్పలేదు. పొయ్యి ఆర్పడం తెలియాలంటే ఒక్కపూటైనా వంటింట్లో నిలబడి ఉండాలి. రాబర్టా గారు నిలబడ్డారు కాబోలు.

అద్దం జేబులో పడ్డాక కాఫీ తెచ్చాను. పెరట్లో కప్పు పట్టుకుని మా ఆయన డ్రాగన్ విజయం గురించి పై వాటా లెక్కల మాస్టారికి చెప్తుండగా లోపల మౌసు బబ్లూ చేతిలోకి వెళ్లింది. వాడు అడవిలో కాస్త షికారు తిరిగి, నాన్న నేర్పినట్టే బుద్ధిగా సేవ్ కొట్టి, "నాన్నా, కాపాడేశా" అని కేకేశాడు. ఆయన మురిసిపోయారు.

మాస్టారు కూడా కిందికి వచ్చేశారు. వచ్చేసరికి స్క్రీన్ మీద మరుగుజ్జు ముసలాడు, తన పేరేమిటో చెప్పమంటున్నాడు. పాత జానపద కథల్లోని రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ వాడు. కానీ పేరు ఉన్నదున్నట్టు చెప్తే ఒప్పుకోడు. కొన్నిసార్లు వెనక నుంచి ఆలోచించడం మంచిదని మంత్రగత్తె ఇంట్లో ఒక చీటీ దొరుకుతుంది. 1984లో దాని భావం ఏమిటంటే, ఏకి జెడ్, బీకి వై చొప్పున అక్షరమాలనే తలకిందులు చేసి పేరు రాయాలి. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, కరెంటు బిల్లు వెనకాల చకచకా వేసి, "ఐ, ఎఫ్, ఎన్, కె, ఓ, వి, హెచ్, జి, ఆర్, ఓ, జి, హెచ్, పి, ఆర్, ఎమ్" అని చదివారు. అది విని వీధిలో కుక్క మొరిగింది. ఇదెవరికీ తట్టడం లేదని 1990లో సియెర్రా వాళ్లే తగ్గి, మామూలు పేరును వెనక నుంచి రాసినా సరేనన్నారని మా ఆయన చెప్పేసరికి మాస్టారికి కోపం వచ్చింది. "పిల్లలకు రావట్లేదని సిలబస్ తగ్గించడమే? అందుకే దేశం ఇలా ఉంది" అన్నారు. ఏ దేశమో చెప్పలేదు.

మొత్తానికి పేరు కుదిరింది, మంత్రపు చిక్కుడు గింజలు చేతికొచ్చాయి. నాటగానే తీగ మబ్బుల దాకా పాకింది. పైన రాక్షసుడి లోకం, అక్కడ బంగారు పెట్టె. తీగ ఎక్కడం మాత్రం ప్రాణాంతకం. ఒక్క నలుసు పక్కకు తప్పితే గ్రాహం రాయిలా కిందపడతాడు.

"నాన్నా, ఇక్కడ సేవ్ చేద్దామా?"

"ఈ తీగ నాకేం కొత్తట్రా?"

ఎక్కుతున్నారు. ఒక స్క్రీను దాటింది. ఇంకోటి. మాస్టారు ఊపిరి బిగబట్టారు. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగింది. ఇంకాస్త ఎక్కితే మబ్బు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢమాల్మంది.

మాకు ఇన్వర్టరుంది. హాల్లో ఫ్యానుకీ, ట్యూబులైటుకీ, దేవుడి గదికీ దాన్నుంచి లైను లాగించాం. కంప్యూటరుకు ఎందుకులెమ్మన్నది ఎవరో ఇప్పుడు తవ్వుకోవడం అనవసరం, ఆయనకు గుర్తుంది. యూపీఎస్ కూడా ఉంది. దాని బ్యాటరీ ఎప్పుడో పోయింది, మీద గుడ్డ కప్పి పూలకుండీ పెట్టాం. ఫ్యాను ఆయన నెత్తిన హాయిగా తిరుగుతోంది, దేవుడి గదిలో బల్బు వెలుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. అందులో ఆయన ముఖం కనిపిస్తోంది.

కరెంటు వచ్చేసరికి దీపాల వేళయింది. ఒక్క మనిషి కదల్లేదు. "పర్వాలేదు, బబ్లూ సేవ్ చేశాడుగా" అని మా ఆయన వాడి తల నిమిరి ఆట తెరిచారు.

తెరుచుకున్న చోట గ్రాహం అడవిలో ఉన్నాడు. అతని వెనక రెండడుగుల దూరంలో చెయ్యి చాచి ఒక రాక్షసుడు ఉన్నాడు. బబ్లూ భయపడి కళ్లు మూసుకుని సేవ్ నొక్కేశాడన్నమాట, అదీ నాన్న దాచిన దాని మీదే.

గ్రాహం పోయాడు. మళ్లీ తెరిచారు. మళ్లీ పోయాడు. మాస్టారు ముందుకు వంగి, "కర్ణం మీదుగా పరిగెత్తించండి, దూరం తగ్గుతుంది" అన్నారు. కర్ణం మీద చెట్టుంది. నడుమ నేనూ ఒక మాటన్నాను, లెక్కలోకి తీసుకోలేదు. చివరికి బబ్లూ మౌసు లాక్కుని, గ్రాహం వచ్చిన దారికే ఒక్క నొక్కు నొక్కాడు. గ్రాహం స్క్రీన్ అంచు దాటాడు, రాక్షసుడు ఇవతలే ఉండిపోయాడు. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ పక్క స్క్రీన్‌లో, చెట్టు చాటు నుంచి పొట్టివాడొకడు గబగబా వచ్చాడు. దొంగ. గ్రాహానికి తగిలీ తగలనట్టు రాసుకుని, మాయా అద్దం పట్టుకుని పారిపోయాడు.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య చేట పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

"ఒరేయ్, ముందు జరగబోయేది చూపించే అద్దం అన్నావు కదరా! అంతసేపు నీ జేబులోనే ఉందిగా. కరెంటు పోతుందని ఒక్క ముక్క చెప్పలేదే?"