ఒరెగాన్ పుట్టగొడుగుల మెసేజ్‌లో ఎంత నిజం?

భీమవరం, అమలాపురం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "అమెరికాలో మేజిక్ మష్రూమ్‌ వైద్యం చట్టబద్ధమైంది, ఒరెగాన్‌లో షాపులోనే కొనుక్కోవచ్చు. రూల్స్ పెట్టి ప్రభుత్వమే ఆ వ్యాపారాన్ని చంపేస్తోంది. మన డెల్టాలో వరిగడ్డికి కొదవా? పెంచి ఎగుమతి చేస్తే కోట్లు" అని. కింద విత్తనం ప్యాకెట్లకు అడ్వాన్స్ కట్టమని ఫోన్ నంబరు.

మేజిక్ మష్రూమ్ అంటే సిలోసిబిన్ అనే మత్తు పదార్థం ఉండే పుట్టగొడుగు. షాపు సంగతి పచ్చి అబద్ధం. 2020లో ఒరెగాన్ రాష్ట్ర ఓటర్లు ఒప్పుకున్న చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్సున్న సెంటర్‌కి వెళ్లి, శిక్షణ పొందిన మనిషి పక్కనుండగా అక్కడే తీసుకోవాలి. పొట్లం కట్టి ఇంటికి పంపరు. డాక్టర్ చీటీతో పని లేదు గానీ, అంతకుముందు 30 రోజుల్లో లిథియం మాత్రలు వాడినవాళ్లను, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు అనిపించే మానసిక స్థితి) వచ్చినవాళ్లను వెనక్కి పంపేస్తారు.

రూల్స్ చంపేస్తున్నాయన్నదాంట్లో సగం నిజముంది. 2023లో మొదలైనప్పుడు సెంటర్ లైసెన్సుకే ఏడాదికి 10,000 డాలర్లు, దగ్గరుండి చూసే మనిషికి 2,000. ల్యాబ్ పరీక్షలు, కెమెరాలు అదనం. ఒక్క సిట్టింగ్‌కి వెయ్యి డాలర్లు దాటడం మామూలే. కొన్ని సెంటర్లు మూతపడ్డాయి కూడా. కానీ అసలు గుదిబండ రాష్ట్రం రాసిన రూల్స్ కాదు. అమెరికా అంతటికీ వర్తించే ఫెడరల్ చట్టంలో సిలోసిబిన్ నిషిద్ధమే. అందుకే 280ఈ అనే పన్ను సెక్షన్ కింద అద్దెలు, జీతాలు చాలావరకు ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. చాలా బ్యాంకులు దగ్గరికి రానివ్వవు, వచ్చేవాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ వర్తించదు.

ఇక రూల్స్ ఎత్తేస్తే వ్యాపారం పుంజుకుంటుందా? మన రొయ్యల రైతుని అడగండి. యాంటీబయాటిక్ పరీక్షని తిట్టుకుంటాడు, అయినా చేయిస్తాడు. అది లేకపోతే పై దేశంలో సరుకు కొనే నాథుడు ఉండడు. మెదడు మీద పనిచేసే పదార్థాన్ని పరీక్ష లేకుండా ఎవరు నమ్మి నోట్లో వేసుకుంటారు?

ఎగుమతి మాట మరీ విడ్డూరం. ఒరెగాన్‌ సెంటర్లలో వాడేది ఆ రాష్ట్రంలో లైసెన్సుతో పండిందే కావాలి, పక్క రాష్ట్రం సరుకు కూడా చెల్లదు. ఇక్కడేమో 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టంలో సిలోసిబిన్ పేరు రాసే ఉంది. పట్టుబడ్డ సరుకు ఆ చట్టం కింద పెట్టిన 'వాణిజ్య పరిమాణం' అనే హద్దు దాటితే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా జైలు. ఆ నంబరుకి అడ్వాన్స్ కట్టబోయేవాళ్లు ముందు ఒక లాయర్‌కి ఫీజు కట్టి అడగండి, చాలా తక్కువలో పోతుంది.