ఘట్‌కేసర్–రాయగిరి చుక్కల గీత గారికి

మహారాజశ్రీ చుక్కల గీత గారి సన్నిధికి,

భువనగిరి నుంచి ఒక సీజన్ టికెట్టు మనిషి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. మేమిక్కడ పొద్దున పుష్‌పుల్ ప్యాసింజరు రైల్లో ఒంటికాలి మీద క్షేమం. ఇంకా పడని రైలు దారికి గుర్తుగా తమరు రియల్ ఎస్టేట్ బ్రోషర్ల మ్యాపుల్లో, నున్నటి కాగితం మీద, నాలుగు రంగుల్లో క్షేమంగా ఉన్నారని మాకు తెలుస్తూనే ఉంది.

తమరు పుట్టింది 2016లో. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్‌ను ఘట్‌కేసర్ నుంచి యాదగిరిగుట్ట దగ్గరి రాయగిరి దాకా 33 కిలోమీటర్లు పొడిగిస్తామన్నారు. ఖర్చు 330 కోట్లన్నారు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం పెట్టాలి, ఒక వంతు రైల్వే పెట్టాలి. ముందు నువ్వు తియ్యి అంటే ముందు నువ్వు తియ్యి అనుకుంటూ ఉండగానే ఆ 330 కాస్తా 412 అయింది. 2023లో ఖర్చంతా రైల్వేనే భరిస్తుందని ప్రకటన వచ్చింది. భువనగిరిలో స్వీట్లు పంచారు. పంచినవాళ్లలో ఎక్కువమంది ప్లాట్లు అమ్మేవాళ్లే అన్న సంగతి నాకు ఆ తర్వాత తట్టింది.

తమరి ఈడువాళ్లంతా ఏదో ఒకటయ్యారు. తమరితో పాటు అదే ఏడాది పుట్టిన యాదాద్రి భువనగిరి జిల్లాకు కలెక్టరేట్ వచ్చింది. యాదగిరిగుట్ట మీద నరసింహస్వామి గుడి మళ్లీ కట్టి 2022 మార్చి 28న తలుపులు తెరిచారు. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019 నుంచే డాక్టర్ చదువులు నడుస్తున్నాయి. రాయగిరి స్టేషన్ కూడా యాదాద్రి స్టేషన్ అయింది. బోర్డు మార్చడానికి భూసేకరణ అక్కర్లేదు కదా! తమరు మాత్రం చుక్కలుగానే ఉండిపోయారు.

అయినా తమరిని పని చేయని గీత అనడానికి నాకు నోరు రాదు. రైలు పట్టా పడకుండా, కరెంటు తీగ లాగకుండా, ఒక్క గార్డు జీతం ఇవ్వకుండా తమరు చేసినంత పని ఏ రైలూ చేయలేదు.

ఆదివారం వస్తే చాలు, ఉప్పల్ నుంచి కార్లు బయలుదేరతాయి. లోపల ఐటీ కుర్రాడు, వాళ్ల ఆవిడ, అత్తమామలు. ముందు సీట్లో ఇన్‌షర్టు చేసుకున్న ఏజెంటు. షామియానా కింద మజ్జిగ, బిర్యానీ పొట్లం, ఆపైన తమరి దర్శనం. ఆ మ్యాపు గీసినవాడికి దండం పెట్టాలి. ఎడమ చివర ఘట్‌కేసర్, కుడి చివర గుట్ట గోపురం, నడుమ ఎయిమ్స్, పోచారం ఇన్ఫోసిస్, భువనగిరి కోట, అన్నీ జానెడు జాగాలో సర్దుకున్నాయి. వీటన్నిటినీ కలుపుతూ తమరు, ఎర్రటి చుక్కలుగా. పక్కనే పిట్ట బొమ్మంత రైలు. ఆ రైలుకు కిటికీలు కూడా ఉన్నాయి. కింద ‘స్టేషన్‌కు 5 నిమిషాలు’ అని రాసి ఉంటుంది. కారులోనా, కాలినడకనా, హెలికాప్టర్‌లోనా అన్నది రాయరు. ఒకసారి ఒక పెద్దాయన ‘ఇంతకీ రైలు ఎప్పుడొస్తది బాబూ’ అని అడిగితే, ఏజెంటు చిరునవ్వుతో ‘రైలు వచ్చినంక మీరు కొనలేరు సార్, అందుకే ఇప్పుడు కొనాలె’ అన్నాడు. ఆ మాటకు జవాబు లేదు. టోకెన్ అడ్వాన్సు అక్కడే ఫోన్‌లో వెళ్లిపోయింది.

ఎకరానికి 4840 గజాలు. రైతు దగ్గర కొన్నప్పుడు లెక్క ఎకరాల్లో. హద్దురాళ్లు పాతి తెల్ల సున్నం కొట్టగానే లెక్క గజాల్లో. అప్పటికీ తెగకపోతే ‘ఫామ్ ల్యాండ్’ అని పేరు పెట్టి గుంటల్లో. గుంటంటే 121 గజాలు. దాంట్లో ఒక మామిడి మొక్క నాటితే కొన్నవాడు వ్యవసాయదారుడే. ఈ ఎకరానికీ ఆ గజానికీ నడుమ ఉన్న తేడా అంతా తమరి కష్టార్జితం. అందులో తమరికి పైసా ముట్టలేదు, పొలం అమ్మిన మనిషికీ ముట్టలేదు. మా వైపు ఒక వెంచర్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే వాచ్‌మన్ తాత ఉన్నాడు. లోపల మూడో రోడ్డు పక్కన ఉన్న బావి ఆయనదే, అంటే ఒకప్పుడు ఆయనది. పిల్ల పెళ్లికని తొందరపడి అమ్మాడు. ఇప్పుడు ఆ బావి దగ్గరికి గేదెలు రాకుండా చూసుకోవడానికి ఆయనకు నెల జీతం ఇస్తున్నారు. గేదెలు కూడా ఒకప్పుడు ఆయనవే.

కొన్నవాళ్లైనా సుఖపడ్డారా అంటే, అదీ పూర్తిగా లేదు. 2020లో ఎల్‌ఆర్‌ఎస్‌కు, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల క్రమబద్ధీకరణకు, వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు మా కాలనీలోనే ఉన్నారు. తమరి పుణ్యాన ఊరు చుట్టూ రాళ్లు పెరిగాయి, ఇళ్లు పెరగలేదు. ఇంత కరువు నేలలో తుమ్మచెట్లకు కార్నర్ ప్లాట్లు దొరకడం ఆషామాషీ విషయం కాదు.

ఉన్న మాట చెప్పనివ్వండి. తమరు పెళ్లిచూపులకే కట్నం పుచ్చుకున్న పెళ్లికొడుకు. లగ్గం పెట్టుకుంటే ఖర్చే తప్ప లాభం లేదు. ఎంఎంటీఎస్ టికెట్టు మొదలయ్యేదే 5 రూపాయల దగ్గర. రైలు నడిస్తే ఆ 5 రూపాయలు, కుదరని టైమింగులు, తిట్టే జనం. రైలు నడవకపోతే ఏటా కొత్త బ్రోషరు, కొత్త రేటు, ఎన్నికలప్పుడు కొత్త హామీ. తమరు నిజం కావాలని ఈ దారిలో తొందరపడేది జేబులో సీజన్ టికెట్టు ఉన్నవాడొక్కడే. వాడికి ఒక్క గజం జాగా లేదు కాబట్టి వాడి మాట వినే నాథుడూ లేడు.

‘పట్టాలు ఉన్నాయి కదా, వాటి మీదే లోకల్ నడపొచ్చు కదా’ అంటారు తెలియనివాళ్లు. సికింద్రాబాద్–కాజీపేట లైను మీద ఢిల్లీ వెళ్లే బండీ, విజయవాడ వెళ్లే బండీ, బొగ్గు గూడ్సూ అన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతాయి. ఎక్స్‌ప్రెస్ వచ్చిందంటే ప్యాసింజరు పక్కకు తప్పుకోవాల్సిందే. రోజూ ఆ పక్కకు తప్పుకునే బండిలో నిలబడేవాడిగా చెబుతున్నా, తమరికి వేరే పట్టా వేయనిదే లాభం లేదు. ఘట్‌కేసర్ దాకా లోకల్ రావడానికే 2024 మార్చి 5 దాకా ఆగాల్సి వచ్చింది. 2012 నాటి ఎంఎంటీఎస్ రెండో దశ పని అది. ఆ లెక్కన తమరి జాతకం నేను చూడదలచుకోలేదు.

ఇక తమరి కోసం ఎదురుచూసేవాళ్ల సంగతి. బీబీనగర్ ఎయిమ్స్ ఉన్నది వరంగల్ హైవే పక్కన. రోగి వెంట వచ్చిన మనిషి ఒక చేత్తో స్కాన్ కవరు, ఇంకో చేత్తో టిఫిన్ క్యారియరు పట్టుకుని రోడ్డు మీద నిలబడి బస్సులకు చెయ్యి ఎత్తుతుంటాడు. సాయంత్రం ఉప్పల్ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు అప్పటికే కిక్కిరిసి వస్తాయి, కొన్ని ఆగవు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. మంచిదే. మా ఇంట్లో ఇప్పుడు సిటీలో పనేదైనా ఉంటే మా ఆవిడే పోయి వస్తుంది. నేను పోతే ఛార్జీ దండుగ అని ఆమె తీర్పు. కానీ ఆ బస్సు కూడా నారపల్లి దాటాక ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ఇరుక్కోవాల్సిందే. 2018లో శంకుస్థాపన జరిగిన ఆ ఫ్లైఓవర్ తమరికి దగ్గరి చుట్టమే అనుకుంటాను, పోలికలు కనిపిస్తున్నాయి.

పోచంపల్లి నేతగాళ్లకూ దగ్గరి స్టేషన్ బీబీనగరే. 1951లో వినోబా భావే వచ్చి భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఊరికే ఇచ్చేసిన ఊరది. భూదానం పుట్టిన ఊరి చుట్టుపక్కల ఇప్పుడు గజం రేటు అడిగితే గుండె దడ పుడుతుంది. చీరల మూటతో కోఠీకి పోయి రావడానికి ఒక పూట పోతుంది. ఆ పూట మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగితే కూలి ఉండదు. తమరి బ్రోషర్‌లో మాత్రం ఇక్కత్ చీర కట్టుకున్న అమ్మాయి బొమ్మ స్విమ్మింగ్ పూల్ పక్కన నిలబడి ఉంటుంది.

గుట్టకు వచ్చే భక్తుల మాట చెప్పనే అక్కర్లేదు. 2022లో కొండ మీద కారు పార్కింగ్‌కు 500 రూపాయలు పెట్టినప్పుడు లోకమంతా గగ్గోలు పెట్టింది. రైలు ఉంటే ఆ కారే అక్కర్లేదని అన్నవాడు కనిపించలేదు. రాయగిరిలో దిగినవాడికి అక్కడి నుంచి గుట్టకు ఆటోనే దిక్కు. నరసింహస్వామి కంటే ముందు ఆటోవాలా కరుణించాలి.

తమరు పట్టాలయ్యేదాకా మాకు కావలసినవి పెద్ద కోరికలేమీ కావు. పొద్దున పూట ఇంకో పుష్‌పుల్ వేయించండి, లేదా ఉన్నదానికే రెండు బోగీలు తగిలించండి. బీబీనగర్ స్టేషన్ నుంచి ఎయిమ్స్‌కు, రాయగిరి నుంచి గుట్టకు, బండి టైముకు అందే ఒక చిన్న బస్సు పెట్టించండి. ఇవి తమరి చేతిలో ఉన్న పనులు కావని తెలుసు. అయితే తమరి మాటకు ఈ చుట్టుపక్కల ఉన్న పలుకుబడి మా ఎమ్మెల్యే మాటకు కూడా లేదు. అందుకే అర్జీ తమరికి.

ఇట్లు
తమరి పక్కన ప్లాటు లేని,
భువనగిరి సీజన్ టికెట్టువాడు

తా.క.: నిన్న కొత్త బ్రోషరు వచ్చింది. తమరు పక్కకు జరిగి సన్నబడ్డారు. తమరి మీదుగా హైదరాబాద్ చుట్టూ వేస్తామంటున్న రీజనల్ రింగ్ రోడ్డు అడ్డంగా, బొటనవేలంత మందాన పోతోంది. ఆ గీత కింద భూములు పోతున్నాయని రాయగిరి రైతులు రోడ్డెక్కారు. బ్రోషర్‌లో వాళ్లు లేరు. స్విమ్మింగ్ పూల్ మాత్రం అలాగే ఉంది, అమ్మాయి చీర రంగు మార్చారు. రేటు గజానికి రెండు వేలు పెంచామని, శ్రావణం దాటితే ఇంకా పెరుగుతుందని ఏజెంటు చెప్పమన్నాడు.