సెలవొచ్చిందని గెంతిన పిల్లాడు

ఈ పోస్టు మా అన్నయ్య చదువుతాడని తెలిసే రాస్తున్నాను. ఆదివారం భోజనాల దగ్గర చెప్పాల్సిన మాటలివి. అప్పుడు గొంతు పెగల్లేదు. మూడు రోజులుగా లోపలే తిరుగుతున్నాయి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలింది కదా, ఆ ఆదివారం మా ఇంట్లో అందరం కలిశాం. అమ్మమ్మ, అమ్మ, అన్నయ్యా వాళ్లు, మా అమ్మాయి. టీవీలో అదే వీడియో తిప్పి తిప్పి చూపిస్తున్నారు. విమానం పడిన మెడికల్ హాస్టల్ మెస్సులో పిల్లలు తింటూ వదిలేసిన కంచాలు అలాగే ఉన్నాయి. మా మేనల్లుడికి పదమూడేళ్లు. వాడు ఫోన్‌లో అదే వీడియో చూసి, వేలితో పైకి తోసేసి, తర్వాతి దానికి వెళ్లిపోయాడు. అన్నయ్య చూశాడు. "ఈ తరం పిల్లలకి గుండె లేదు. మా చిన్నప్పుడు ఇందిరా గాంధీ పోతే వీధి వీధంతా ఏడ్చింది" అన్నాడు. పెద్దవాళ్లందరూ తలూపారు. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోయాడు. కంచంలో సగం అన్నం అలాగే ఉంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

అన్నయ్యా, 1984 అక్టోబర్ 31న నువ్వు ఏడవలేదు. గెంతులేశావు. నాకప్పుడు మూడేళ్లు, నాకేమీ గుర్తులేదు. కానీ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఆకాశవాణి సాయంత్రం దాకా నోరు విప్పలేదు, బీబీసీ మాత్రం మధ్యాహ్నానికే చెప్పేసింది. తాతయ్య ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని అరుగు మీద కూర్చున్నారు. ఎవరో వచ్చి రేపు బడి ఉండదన్నారు. నీకు ఏడేళ్లు. "సెలవు, సెలవు" అని వీధి చివరి దాకా పరిగెత్తి వెనక్కి వచ్చావు. తాతయ్య లేచి నీ చెంప మీద కొట్టారు. అంతకు ముందు ఆయన ఎప్పుడూ నిన్ను కొట్టలేదు. నువ్వు ఏడ్చింది అప్పుడు. ఆ రాత్రి తాతయ్య నిన్ను పక్కలో వేసుకుని పడుకున్నారట. ఆవిడ ఎవరు, ఏమైంది అని ఏడేళ్ల పిల్లాడికి తెలిసేలా చెప్పారట. నలభై ఏళ్లుగా నువ్వు మోస్తున్న దుఃఖం ఆ రాత్రి ఆ మంచం మీద పుట్టింది. నీ కొడుక్కి ఆదివారం నువ్వు దెబ్బ లాంటి మాట అన్నావు, సరే. ఆ తర్వాతి మంచం ఏదీ?

నాకు కోపం అన్నయ్య ఒక్కడి మీద కాదు. ప్రతి ఇంట్లో ఇదే మాట వింటున్నాను. మా రోజుల్లో మనసుండేది, ఇప్పటి పిల్లలకి అన్నీ రీల్సే అని. అలా అనేవాళ్లు తమ చిన్నతనం ఒకసారి నిజాయితీగా తవ్వుకుని చూడాలి.

మా అమ్మమ్మకి తొంభై. ఆవిడ పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దగ్గర. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వచ్చి విశాఖ హార్బర్ మీద బాంబులేశాయి. ఆవిడకి ఏడేళ్లు. జనం దొరికిన బండి ఎక్కి పల్లెలకి పోయారు, ఊరు సగం ఖాళీ అయిపోయింది. "ఏటి గుర్తుంది అమ్మమ్మా" అంటే మొదట చెప్పేది బాంబు గురించి అనుకుంటాం. లేదు. రుబ్బిన పిండి రోట్లోనే ఉండిపోయిందట. వాళ్లమ్మ బండి ఎక్కాక కూడా పిండి, పిండి అంటూనే ఉందట. తర్వాత చెప్పేది ఎడ్ల బండిలో గడ్డి మీద పడుకుని నక్షత్రాలు చూడటం. "ఎంత బాగుందో ఆ రాత్రి" అంటుంది. దేశం వణికిన రాత్రి గురించి తొంభై ఏళ్ల మనిషి అలా చెబుతుంటే ఏం అనగలం? ఆవిడకి గుండె లేదందామా?

అదే అమ్మమ్మ గాంధీగారు పోయిన రోజు గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తుంది. 1948 జనవరి 30, శుక్రవారం. అప్పటికి పన్నెండో పదమూడో ఏళ్లు. చీకటి పడ్డాక కబురు తెలిసింది. వాళ్ల నాన్నగారు ఏమీ మాట్లాడకుండా నూతి దగ్గరికి వెళ్లి, చలిలో, రెండు చేదల నీళ్లు నెత్తి మీద పోసుకున్నారు. ఇంట్లో మనిషి పోతే చేసే స్నానం. ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు. గాంధీగారిని అమ్మమ్మ ఎప్పుడూ చూడలేదు. నాన్న తడి బట్టలతో చలికి వణుకుతూ నిలబడటం చూసింది. ఆవిడకి ఆయన చావు అంటే అదే.

అమ్మకి 1971, పాకిస్తాన్‌తో యుద్ధం. పద్నాలుగేళ్లు. రాత్రి పూట బ్లాకౌట్, కిటికీలకి నల్ల కాగితాలు, బళ్ల లైట్లకి సగం నల్ల రంగు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగింది. ముంచింది మన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అని నేవీ చెబుతుంది. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగుతాం, గెలిచాం అని చెబుతాం. ఆ సబ్‌మెరైన్‌లో ఉన్న 90 మందికి పైగా మనుషులు ఒక్కరూ బయటికి రాలేదన్న సంగతి చెప్పం. మన ఇళ్లలో ఏం జరిగిందో అదీ చెప్పం. అమ్మ చెప్పేది ఇదీ. మా చిన్న మావయ్యకి అప్పుడు ఐదేళ్లు. అర్ధరాత్రి పాస్‌కి వెళ్లాలన్నాడు. అగ్గిపుల్ల గీయకూడదు. అమ్మ వాడి చెయ్యి పట్టుకుని, గోడ తడుముకుంటూ పెరట్లోకి తీసుకెళ్లింది. అప్పుడే ఘాజీ పేలుడుకి కిటికీ తలుపులు దడదడమన్నాయట. వాడు అమ్మ జడ పట్టుకుని తెల్లారే దాకా వదల్లేదు. ఇప్పటికీ కరెంటు పోతే ఆయన ముందు అమ్మకే ఫోన్ చేస్తాడు. యాభై తొమ్మిదేళ్లు ఆయనకి.

ఇందులో ఎంత నిజమో అనే అనుమానం నాకూ ఉంది. ఆ పేలుడు రోజుకి మనం విజయనగరం వెళ్లిపోయాం కదే అని మా పెద్దమ్మ అంటుంది. డిగ్రీలో సైకాలజీ చదివినప్పుడు ఫ్లాష్‌బల్బ్ మెమరీ అని ఒక పాఠం ఉండేది. రోజర్ బ్రౌన్, జేమ్స్ కూలిక్ 1977లో పెట్టిన పేరు. పెద్ద విషాదం విన్న క్షణం ఫొటో తీసినట్టు మనసులో ఉండిపోతుందని వాళ్లన్నారు. తర్వాత ఉల్రిక్ నైసర్ 1986లో అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ పేలిన మర్నాడే విద్యార్థుల చేత ఎక్కడ విన్నారు, ఎవరు చెప్పారు అన్నీ రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత అవే ప్రశ్నలు వేస్తే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో. తమ చేతిరాత చూపించినా కొందరు ఒప్పుకోలేదు. కాబట్టి "నాకు బాగా గుర్తు, మేం అందరం ఏడ్చాం" అనే మాటని నేను అంత తేలిగ్గా నమ్మను. అమ్మ జడ సంగతి మాత్రం నమ్ముతాను. ఎందుకంటే ఆ ఫోన్ కాల్ నా ముందే వస్తుంది.

నా వంతు 1991. పదేళ్లు నాకు. ఈ ఊరివాళ్లకి ఆ రోజు వేరేగా గుర్తుంటుంది. ఎందుకో బయటి ఊళ్లవాళ్లకి తెలియదు. మే 21న రాజీవ్ గాంధీ విశాఖలో ప్రచారం ముగించుకుని, ఇక్కడి నుంచే విమానంలో మద్రాసు వెళ్లారు. విమానంలో ఏదో లోపం వచ్చింది, ఇక ఆ రాత్రికి ఇక్కడే ఉండిపోవాలన్నంత దాకా వచ్చింది. ఇంతలో బాగైందని కబురొచ్చింది, బయల్దేరారు. రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరులో బాంబు. మా నాన్న ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి ఆయన్ని చూసి వచ్చారు. ఆయన కాంగ్రెస్ మనిషి కూడా కాదు. "ఎంత తెల్లగా ఉన్నాడో, ఎండకి ముఖం కందిపోయింది పాపం" అని అన్నం తింటూ చెప్పారు. డాబా మీద పడుకున్నాం. తెల్లారి కళ్లు తెరిచేసరికి నాన్న పిట్టగోడ మీద కూర్చుని ఎయిర్‌పోర్టు వైపు చూస్తున్నారు. "ఆ విమానం బాగవకపోయినా బాగుండేదమ్మా, మనూళ్లో పడుకుని లేచేవాడు" అన్నారు. మా నాన్న పోయే దాకా ఏ విమానం ఆలస్యమైనా ఆ మాటే అనేవారు. బయట షాపులు మూసేశారు, బస్సుల్లేవు, పెద్దవాళ్లు టెన్షన్‌గా గుసగుసలాడుకుంటున్నారు. నేను మాత్రం ఎన్నో రోజులు ఆ విమానం బాగుచేసిన మనిషి గురించే ఆలోచించాను. ఆయన ఆ రాత్రి నిద్రపోయాడా అని. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

1997 సెప్టెంబర్ 14 ఆదివారం పొద్దున్నే మల్కాపురం వైపు రిఫైనరీలో పేలుడు. 50 మందికి పైగా పోయారు, మేం కట్టుబట్టలతో అనకాపల్లి దాకా వెళ్లిపోయాం. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అమ్మాయికి నాలుగేళ్లు. 2014 అక్టోబర్ 12. కైలాసగిరి మీద ఒక్క చెట్టు సరిగ్గా మిగల్లేదు, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్‌కి క్యూ. దానికి గుర్తున్నది మాత్రం అపార్ట్‌మెంట్ వాళ్లందరూ ఫ్రిజ్‌లలో ఉన్నవన్నీ కిందికి తెచ్చి సెల్లార్‌లో కలిపి వండటం, వాళ్ల నాన్న వరసగా ఐదు రోజులు ఇంట్లోనే ఉండటం. "మళ్లీ ఎప్పుడొస్తుంది తుఫాను" అని అడిగింది. పక్కింటావిడ ముఖం చిట్లించింది. మా అమ్మమ్మ మాత్రం దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఎడ్ల బండిలో నక్షత్రాలు చూసిన మనిషికి అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు ఫోన్ సంగతి. అన్నయ్యా, నీ చిన్నప్పుడు వార్త ఇంటికి ఒక్కటే వచ్చేది. ఒకే రేడియో, చుట్టూ మనుషులు. పిల్లల్ని "మీకెందుకు, లోపలికి పోండి" అని తరిమినా తలుపు సందులోంచి పెద్దవాళ్ల ముఖాలు కనిపించేవి. ఇది పెద్ద విషయం, వీళ్లూ భయపడుతున్నారు అని ఆ ముఖాలే చెప్పేవి. ఇప్పుడు మంటల్లో విమానం పదమూడేళ్ల పిల్లాడి అరచేతిలోకి నేరుగా వస్తుంది. వాడు గదిలో ఒక్కడే ఉంటాడు. దాని కింద వంట వీడియో, దాని కింద క్రికెట్. వాడు వేలితో తోసెయ్యక ఏం చెయ్యాలి? చూడలేక తోసేశాడేమో. నువ్వు అడిగావా? మనం కూడా అవే వీడియోలు ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేశాం, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి. ఆదివారం ఆ గదిలో ఉన్న పెద్దవాళ్లలో ఒక్కరమైనా టీవీ కట్టేసి వాడి పక్కన కూర్చున్నామా? నేనూ కూర్చోలేదు. అందుకే సిగ్గుపడుతూ రాస్తున్నాను.

నాకు ఈ బుద్ధి రావడానికి ఐదేళ్లు పట్టింది. 2020 మే 7 తెల్లవారుజామున మూడు గంటలకి ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైంది. లాక్‌డౌన్‌లో మూతపడి ఉన్న ఫ్యాక్టరీలో ట్యాంకు వేడెక్కిపోయింది. 12 మంది చనిపోయారు. మేం అప్పుడు గోపాలపట్నంలో ఉండేవాళ్లం. కళ్లు మంట, గొంతులో ఏదో తీపి వాసన. తడి టవల్ ముఖానికి చుట్టి, అమ్మాయిని బండి మధ్యలో కూర్చోబెట్టుకుని సింహాచలం వైపు పోయాం. రోడ్డు మీద మనుషులు పడిపోయి ఉన్నారు. తర్వాత దానికి రక్త పరీక్షలు చేయించాం, కళ్లు చూపించాం. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. కెమెరా ఆన్ చెయ్యమన్నారు, యూనిట్ టెస్టులు పెట్టారు. ఆ రాత్రి ఏం చూశావమ్మా అని ఒక్క టీచరూ అడగలేదు. నేనూ అడగలేదు. మర్చిపోయిందిలే, గుర్తుచెయ్యడం ఎందుకు అనుకున్నాను.

2025 మే 7న, సరిగ్గా ఐదేళ్లకి, పహల్గాం ఉగ్రదాడి తర్వాత దేశమంతా మాక్ డ్రిల్ పెట్టారు కదా. మన విశాఖలోనూ పెట్టారు. టీవీలో సైరన్ మోగుతుంటే అమ్మమ్మ సౌండ్ తగ్గించమంది. మా అమ్మాయి గదిలోంచి వచ్చింది, కాళ్లకి చెప్పులున్నాయి. ఇంట్లో చెప్పులేంటే అన్నాను. ఐదేళ్లుగా చెప్పులు మంచం పక్కనే, వేళ్లు తలుపు వైపుకి తిప్పి పెట్టుకుని పడుకుంటోందట. రోజూ ఆ గది ఊడుస్తాను, నాకు తెలియలేదు.

అమ్మమ్మ దాన్ని దగ్గరికి పిలిచి, "ఏటే, నీకేటి గుర్తుంది ఆ రోజు?" అంది. అంతే. ఎవరూ అడగని మాట. అది కాసేపు ఊరుకుని, నా వైపు చూడకుండా చెప్పింది. "రోడ్డు మధ్యలో ఆవు పడి ఉంది. పడుకుందా అమ్మా అంటే అమ్మ పడుకుంది అంది. దాని నాలుక బయటికి వచ్చేసి ఉంది తాతమ్మా. అమ్మ భయపడుతోందని నేను మళ్లీ అడగలేదు."

నేను నేల మీద కూర్చుండిపోయాను. అమ్మమ్మ దాని చెప్పులు తియ్యమనలేదు. అలాగే పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరింది.

"మా ఇంట్లో ఎర్ర కుక్క ఉండేది. బండిలో చోటు లేదని వదిలేసి వెళ్లిపోనాం. పక్కింటోళ్లు అన్నం పెడతారులే అన్నాడు మా నాన్న" అంది. "పక్కింటోళ్లు మా ముందు బండిలోనే ఉన్నారే."